చచ్చిన పాత్ర తిరిగి రావాలా? మీ టేబుల్‌కి సరిపడే రూల్ ఎంచుకోవడం

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట. సెషన్ (ఒక పూట ఆట) రెండో గంటలో ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర విజార్డ్ (మంత్రగాడి పాత్ర) నెత్తిన పడింది. ఒకటో లెవెల్ పాత్ర, గరిష్ఠ హిట్ పాయింట్లు (ప్రాణశక్తి లెక్క) 8, ఆ క్షణాన మిగిలినవి 5. దెబ్బ 13. ఓగర్‌కి అది సగటు దెబ్బే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో, సున్నాకి చేరాక ఇంకా మిగిలిన దెబ్బ పాత్ర గరిష్ఠ హిట్ పాయింట్లంత ఉంటే అక్కడికక్కడే చావు. 13లోంచి 5 తీస్తే 8. డెత్ సేవ్ (చావుబతుకులు తేల్చే పాచిక) వేసే అవకాశం కూడా లేదు. ఆటగాడు గేమ్ మాస్టర్ (ఆట నడిపేవాడు) మొహం చూస్తాడు, గేమ్ మాస్టర్ రూల్ బుక్ చూస్తాడు, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటారు.

ఆ నిమిషంలో ఏం తేల్చినా ఎవరో ఒకరికి అన్యాయంగానే కనిపిస్తుంది. బతికిస్తే, పోయిన నెల పాత్రని పోగొట్టుకున్నవాడు "మరి నాకో?" అంటాడు. చంపేస్తే, మొదటి సెషన్‌కే వచ్చిన కొత్తవాడు మళ్ళీ రాడు. కఠినమైన రూల్‌తో ఆటగాళ్ళకి పెద్దగా పేచీ ఉండదు. పాత్ర నేల మీద పడ్డాక పుట్టిన రూల్‌తోనే పేచీ. కాబట్టి ఎంపిక క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) మొదలుకాకముందే జరగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో కొలవొచ్చు. చావుకి ముందు పాత్రకి ఎన్ని అవకాశాలు? తిరిగి రావడానికి ధర ఎంత, కట్టేదెవరు? ఆ ఆటగాడు పనిలేకుండా ఎంతసేపు కూర్చోవాలి? మూడోదాన్ని రూల్ బుక్కులు దాదాపు పట్టించుకోవు. గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: అయిదో ఎడిషన్

సున్నాకి పడిన పాత్ర తన ప్రతి టర్న్ మొదట్లో డి20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తుంది. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి. మూడు గెలుపులకు ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములకు పోతుంది. 20 పడితే 1 హిట్ పాయింట్‌తో లేచి కూర్చుంటుంది, 1 పడితే ఒకేసారి రెండు ఓటములు. ఎవరూ సాయం చేయకుండా, ఎవరూ కొట్టకుండా వదిలేస్తే బతికే అవకాశం 59.5 శాతం. అప్పటికే ఒక ఓటమి ఉంటే అది 41.75 శాతానికి పడుతుంది, రెండుంటే 21.25కి.

ఇప్పుడు ఒక గోబ్లిన్ పక్కకొచ్చి, పడి ఉన్న పాత్రని పొడిచిందనుకోండి. స్పృహ లేని పాత్రకి 5 అడుగుల లోపు నుంచి తగిలిన దెబ్బ క్రిటికల్ (మామూలు కంటే బలమైన దెబ్బ) కింద లెక్క. క్రిటికల్ అంటే రెండు ఓటములు. ఒక్క పోటుతో దాదాపు 60 శాతం కాస్తా 21 అయింది. అందుకే పడిపోయినవాళ్ళని శత్రువులు పొడుస్తారా, వదిలేస్తారా అన్నదే మీ టేబుల్ మీద అన్నిటికంటే పెద్ద చావు రూల్. పుస్తకం దాన్ని గేమ్ మాస్టర్‌కి వదిలేసింది. మా సలహా: ఆకలితో ఉన్న మృగాలు పడినవాణ్ణి ఈడ్చుకుపోవచ్చు గానీ పొడవవు. బుర్ర ఉన్న శత్రువులు మొదట నిలబడి ఉన్నవాళ్ళ మీదికే వెళ్తారు. పడినవాడు వైద్యంతో లేవడం ఒకసారి కళ్ళారా చూశాక మాత్రం ఇక వదలరు. ఇది ముందే చెప్పేస్తే ఆటగాళ్ళు ఎవరిని ఎప్పుడు లేపాలో ఆలోచించుకుంటారు.

ప్రాణం పోయాక దారులు ఇవి. మూడో లెవెల్ స్పెల్ రివివిఫై: చనిపోయిన ఒక నిమిషంలోపు, అంటే పది రౌండ్ల లోపు వేయాలి. 300 బంగారు నాణేల వజ్రం ఖర్చయిపోతుంది, పాత్ర 1 హిట్ పాయింట్‌తో లేస్తుంది. అయిదో లెవెల్ స్పెల్ రెయిజ్ డెడ్‌కి 10 రోజుల గడువు, 500 నాణేల వజ్రం, గంటసేపు మంత్రం. తిరిగొచ్చినవాడికి దాడులు, సేవింగ్ త్రోలు (ప్రమాదం తప్పించుకునే పాచికలు), ఎబిలిటీ చెక్‌లు (పని నెగ్గిందో లేదో తేల్చే పాచికలు) అన్నిటిలోనూ మైనస్ 4, ప్రతి లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్ర లాంటి పూర్తి విశ్రాంతికి) ఒకటి చొప్పున తగ్గుతుంది. డ్రూయిడ్ల (ప్రకృతి మంత్రగాళ్ళ) రీఇన్‌కార్నేట్‌కీ గడువు 10 రోజులే, ఖర్చు 1,000 నాణేల తైలాలు, కానీ కొత్త శరీరం ఏ జాతిదో పాచిక చెబుతుంది. ఏడో లెవెల్ రిజరెక్షన్‌కి 1,000 నాణేల వజ్రం, నూరేళ్ళ గడువు. తొమ్మిదో లెవెల్ ట్రూ రిజరెక్షన్‌కి 25,000 నాణేల వజ్రాలు, 200 ఏళ్ళ గడువు.

ఈ పద్ధతిలో తేడా వచ్చేది లెవెళ్ళ దగ్గర. స్పెల్ లెవెల్ వేరు, పాత్ర లెవెల్ వేరు: క్లెరిక్‌కి (పూజారి పాత్ర) రివివిఫై పాత్ర అయిదో లెవెల్‌లో వస్తుంది, పాలడిన్‌కి (పవిత్ర యోధుడు) తొమ్మిదిలో. అంటే పాత్రలు అతి బలహీనంగా ఉండే మొదటి నాలుగు లెవెళ్ళలో తిరిగొచ్చే దారే లేదు. బలిసిన తరవాత చావు 300 నాణేల సమస్య. ఉండాల్సినదానికి ఇది సరిగ్గా తలకిందులు. పైగా అయిదో లెవెల్ క్లెరిక్‌కి మూడో లెవెల్ స్లాట్లు (స్పెల్ వేసే అవకాశాలు) రోజుకి రెండే. ఆ రెండూ పోరాటంలో వాడేస్తే సంచిలో ఎన్ని వజ్రాలున్నా రివివిఫై లేదు. "ఒక స్లాట్ దాచు" అని పార్టీ అంతా క్లెరిక్ మీద పడటం మామూలే. ఆ ఆటగాడికి అది శిక్షలా మారకుండా చూడాలి. రివివిఫై స్క్రోల్ (ఒకసారి వాడే మంత్రపత్రం) ఒకటి నిధుల్లో దొరికేలా పెడితే ఆ ఒత్తిడి సగం తగ్గుతుంది. జెంటిల్ రిపోజ్ అనే రెండో లెవెల్ స్పెల్ శవం మీద 10 రోజులు ఉంటుంది, ఆ రోజులు గడువులో లెక్కకు రావు. కొత్త ఆటగాళ్ళు దాన్ని చదవకుండానే దాటేస్తారు, గుర్తుచేయండి.

వజ్రాలు గేమ్ మాస్టర్ చేతిలోని కుళాయి లాంటివి. ప్రతి ఊరి దుకాణంలో దొరికితే చావుకి విలువ ఉండదు, ఎక్కడా దొరక్కపోతే స్పెల్ ఉన్నా లేనట్టే. అయిదో లెవెల్ నుంచి రెండు లెవెళ్ళకి ఒక 300 నాణేల వజ్రం దొరికేలా నిధులు పెడితే చాలా టేబుళ్ళకి సరిపోతుంది. ఇంకొకటి: బేరమాడి 200కి కొన్న వజ్రం 300 విలువైనదేనా అని ఏదో ఒక రోజు ఎవరో అడుగుతారు. విలువ కట్టినంత, చెల్లించినంత కాదు అని ముందే రాసి పెట్టుకోండి. లేకపోతే నవ్వులాటగా మొదలైన వాదన నలభై నిమిషాలు నడుస్తుంది.

దీనికున్న రెండో రోగం పడటం, లేవడం, మళ్ళీ పడటం. అయిదో ఎడిషన్‌కి 2014 రూల్స్, సవరించిన 2024 రూల్స్ అని రెండు రూపాలున్నాయి. 2014 రూల్స్‌లో హీలింగ్ వర్డ్ అనే వైద్యం స్పెల్ 60 అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో అదనంగా చేసే చిన్న పనితో) పడుతుంది. 1 హిట్ పాయింట్ వచ్చినా పాత్ర లేస్తుంది, డెత్ సేవ్ ఓటములన్నీ చెరిగిపోతాయి. సున్నాకి పడ్డ ప్రతిసారీ ఒక ఎగ్జాషన్ (అలసట) లెవెల్ వేయడం చాలామంది చేసే మందు. 2024 రూల్స్‌లో ఇది బాగానే పనిచేస్తుంది, అక్కడ ఒక్కో లెవెల్‌కి డి20 మీద మైనస్ 2 చొప్పున మెల్లగా పెరుగుతుంది. 2014 రూల్స్‌లో మూడో లెవెల్‌కే దాడులు, సేవింగ్ త్రోలు డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం) అవుతాయి, లాంగ్ రెస్ట్‌కి తగ్గేది ఒక్కటే. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ఉంటుంది. అక్కడ ఇంతకంటే మంచి మార్పు, డెత్ సేవ్ ఓటములు లాంగ్ రెస్ట్ దాకా చెరగవు అనడం. పడిన పాత్ర లేచాక మామూలుగానే ఆడుతుంది, ఒక ఓటమి మిగిలి ఉండి మళ్ళీ పడితే మాత్రం 59.5 బదులు 41.75 శాతంతో మొదలవుతుంది. పాఠం నేర్పడానికి అంత చాలు.

పడిన ప్రతిసారీ మచ్చ మిగిలే లెక్క

పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్, 2019 నాటిది, ఆ రోగానికి రూల్ బుక్‌లోనే మందు పెట్టింది. సున్నాకి పడితే డయింగ్ (చావుకి ఎంత దగ్గరో చెప్పే అంకె) 1, క్రిటికల్ దెబ్బతో పడితే డయింగ్ 2. డయింగ్ 4 అంటే చావు. ప్రతి టర్న్ ఏ బోనసూ లేని డి20 వేయాలి, కావలసినది 10కి డయింగ్ విలువ కలిపినంత. లేచాక వూండెడ్ (మిగిలిన గాయం లెక్క) 1 అంటుకుంటుంది, తరవాతిసారి పడినప్పుడు అది డయింగ్‌కి కలుస్తుంది. మూడోసారి పడినవాడు చావు గుమ్మంలోనే ఉంటాడు. అది ఆటగాడికి తన షీట్ మీద అంకె రూపంలో కనిపిస్తూనే ఉంటుంది, ఇందులో మెచ్చుకోవలసింది అదే. ఉన్న హీరో పాయింట్లన్నీ (పాచిక మళ్ళీ వేయడానికి వాడేవి) ఖర్చుపెట్టి చావు తప్పించుకునే దారి కూడా ఉంది. కాబట్టి చివరి హీరో పాయింట్‌ని ఓ చెత్త దాడి మళ్ళీ వేయడానికి వాడకండి.

ఇక్కడ తిరిగొచ్చే ధర లెవెల్‌తో పాటు పెరుగుతుంది. రెయిజ్ డెడ్‌కి పాత్ర లెవెల్‌ని 400తో హెచ్చించినన్ని నాణేల వజ్రాలు కావాలి, మూడు రోజుల గడువు, వారం పాటు నీరసం. అయిదో ఎడిషన్ స్థిరమైన ధర కంటే ఇది న్యాయమైన ఆలోచన. పదో లెవెల్‌కి 4,000 నాణేలు పార్టీకి నొప్పి తెలిసే మొత్తమే. ఇబ్బందల్లా లెక్కలతోనే: కాగితం మీద అంకెలు రాసుకోని గుంపు మూడో పోరాటానికల్లా వూండెడ్ విలువ మర్చిపోతుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత ఎడిషన్లలో లెవెల్ పోవడం, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) పాయింట్ పోవడం ఉండేవి. 3.5 ఎడిషన్‌లో రెయిజ్ డెడ్‌తో లేచిన పాత్ర ఒక లెవెల్ దిగేది. వద్దు. లెవెల్ తగ్గిన పాత్రే పార్టీలో అందరికంటే బలహీనం, అందరికంటే ముందు మళ్ళీ చచ్చేది అదే. ఒక దురదృష్టపు పాచికకి ఆరు నెలల శిక్ష పడుతుంది.

పోతే పోయినట్టే

షాడోడార్క్ లాంటి పాత తరహా ఆటల్లో సున్నాకి పడితే డి4కి (నాలుగు ముఖాల పాచిక) కాన్‌స్టిట్యూషన్ మోడిఫయర్ (ఆ దృఢత్వం ఇచ్చే బోనస్) కలిపినన్ని రౌండ్లే ఆయుష్షు. ఈలోపు తన టర్న్‌లో 20 పడాలి, లేదా ఎవరైనా వచ్చి ప్రాణం నిలపాలి. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లో అదీ లేదు, సున్నా అంటే చావే.

కఠినంగా కనిపించినా ఇది ఒక షరతు మీద పూర్తిగా న్యాయమే: కొత్త పాత్ర పది నిమిషాల్లో తయారవ్వాలి. షాడోడార్క్‌లో అవుతుంది. రెండు గంటలు పట్టే ఆటలో ఇదే రూల్ పెడితే చచ్చినవాడి సాయంత్రం వృథా. ఇంకో షరతు, ప్రమాదం ముందే కనిపించాలి. గది గుమ్మం దగ్గరే మూడు మాడిపోయిన అస్థిపంజరాలు ఉంటే లోపలికి వెళ్ళి చచ్చినవాడు నవ్వుకుంటాడు. ఏ సూచనా లేని మీట మీద కాలు వేసి చచ్చినవాడు నవ్వడు. ఈ పద్ధతి ఎంచుకుంటే ప్రతి ఆటగాడి దగ్గర రెండో పాత్ర షీట్ పూర్తిచేసి ఉండాలి. పార్టీతో కూలీలు, దివిటీలు మోసేవాళ్ళు ఉండాలి, చచ్చిన క్షణమే వాళ్ళలో ఒకరిని ఆ ఆటగాడి చేతికి ఇచ్చేయొచ్చు.

కర్మకాండ పద్ధతి: అందరూ పాల్గొనే పాచిక

క్రిటికల్ రోల్ షోతో పేరొందిన గేమ్ మాస్టర్ మ్యాట్ మెర్సర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ హౌస్ రూల్ (పుస్తకంలో లేని సొంత రూల్) అయిదో ఎడిషన్ టేబుళ్ళలో విస్తృతంగా కనిపిస్తుంది. స్పెల్ వేస్తే సరిపోదు, చివర్లో గేమ్ మాస్టర్ ఏ బోనసూ లేని డి20 ఒకటి వేస్తారు. అందుకోవలసిన అంకె 10. అంతకుముందు ఎన్నిసార్లు తిరిగొచ్చిందో అన్ని ఒకట్లు దానికి కలుస్తాయి. గరిష్ఠంగా ముగ్గురు సహచరులు ఏదో ఒకటి సమర్పించొచ్చు: ప్రార్థన, ఒక జ్ఞాపకం, ఒక వస్తువు. ఒక్కొక్కరు సందర్భానికి తగ్గ చెక్ వేస్తారు. నెగ్గితే అంకె 3 తగ్గుతుంది, ఓడితే 1 పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. మొదటి చావు, ముగ్గురూ నెగ్గారు: అంకె 1, ఓటమే లేదు. ముగ్గురూ ఓడారు: 13, అవకాశం 40 శాతం. ఎవరూ ఏమీ చేయకపోతే 55. అయిదో చావుకి మొదలే 14. ఇద్దరు నెగ్గి ఒకరు ఓడితే 9, అవకాశం 60. ముగ్గురూ నెగ్గినా 80 దాటదు. మొదటిసారి దాదాపు భరోసా, తరవాత ప్రతిసారీ నమ్మకం సన్నగిల్లడం అనే ఈ వాలు పొడుగాటి క్యాంపెయిన్‌కి బాగా కుదురుతుంది. ఒక్క చోట జాగ్రత్త: అంకెలు తెలిసిన ఆటగాళ్ళు ప్రతిసారీ తమ అతి పెద్ద స్కిల్‌నే తెస్తారు. ఒకే స్కిల్ ఒక పాత్రకి రెండోసారి పనికిరాదని చెప్పండి.

ఇందులో దాగున్న అన్యాయం ఇంకొకటుంది. బాగా మాట్లాడే ఆటగాడు గొంతు పూడుకుపోయేలా ప్రసంగిస్తే గేమ్ మాస్టర్ కరిగి చెక్ సులభం చేస్తారు. మొహమాటస్తుడు "దేవుడి ముందు కత్తి పెడతాను" అని ఊరుకుంటాడు, అతని చెక్‌కి 15 రావాలి. ప్రసంగానికి మార్కులు వేయొద్దు. సమర్పించినది ఆ పాత్రకి ఎంత విలువైనదో చూసి 10, 13, 15లో ఒకటి పెట్టండి. ఆ కత్తి తండ్రిదైతే 10 చాలు. చివరి పాచిక మాత్రం తెర వెనక వేయకండి. టేబుల్ మధ్యలో పడాలి, అందరూ చూడాలి. తెర వెనక వేసి నెగ్గిందని చెబితే ఎవరూ నమ్మరు, ఓడిందని చెబితే ఒకరు జీవితాంతం మర్చిపోరు.

బేరం, మచ్చ, ఆఖరి మెరుపు

డంజన్ వరల్డ్ అనే ఆటలో చావు అంచున 2డి6 (రెండు ఆరు ముఖాల పాచికలు) వేస్తారు. 10 గానీ ఆపైన గానీ పడితే తప్పించుకున్నట్టు, 6 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే పోయినట్టు. 7 నుంచి 9 మధ్య పడితే మృత్యువే ఒక బేరం పెడుతుంది. 2025లో వచ్చిన డాగర్‌హార్ట్ ఆటలో పాచిక కంటే ముందు ఎంపిక ఆటగాడిది: తప్పకుండా ఫలించే ఒక ఆఖరి పని చేసి చనిపోవడం, స్పృహ తప్పి బతికి బహుశా శాశ్వత మచ్చ మోయడం, లేదా అంతా పాచికల మీద వదిలేయడం.

కథకు ప్రాధాన్యమిచ్చే గుంపుకి మా మొదటి ఓటు ఇక్కడే. ఆటగాడి చేతిలో చివరిదాకా ఏదో ఒకటి ఉంటుంది. బేరాలు మాత్రం చెడగొట్టడం తేలిక. "నీ ఆత్మ నాదే, సరేనా?" అంటే అది బేరం కాదు, ఎప్పటికీ చేతికి రాని బిల్లు. మంచి బేరానికి పని, గడువు, తప్పితే ఏమవుతుంది అన్న మూడూ ఉంటాయి: అమావాస్య లోపు ఫలానా సమాధి తలుపు తెరవాలి, లేదంటే తీసుకున్న ఊపిరి తిరిగి పోతుంది. ఆ పని పాత్ర స్వభావాన్ని పూర్తిగా తుంచేసేది కాకూడదు. పాలడిన్‌ని పసిపిల్లని చంపమనడం బేరం ముసుగులో చంపేయడమే. బేరం పార్టీ మొత్తాన్ని కట్టేస్తుంటే మిగతావాళ్ళకీ వద్దనే హక్కు ఉండాలి.

అసలు చావు దాకా రాకుండా చేసే మార్గం కూడా ఉంది. 13త్ ఏజ్ అనే ఆటలో పార్టీ అంతా ఒప్పుకుంటే పడినవాళ్ళని మోసుకుని పారిపోవచ్చు, పాచిక అక్కర్లేదు, బదులుగా కథలో ఒక పెద్ద నష్టం జరుగుతుంది. దీన్ని ఏ ఆటలోకైనా ఎత్తుకొచ్చి పెట్టుకోవచ్చు. పార్టీ మొత్తం తుడిచిపెట్టుకుపోవడానికి అతి సాధారణ కారణం, పారిపోతే వెన్నులో పొడుస్తారన్న భయంతో ఓడిన పోరాటాన్నే పట్టుకు వేలాడటం.

మరి మీకేది?

రెండు మూడు సెషన్ల చిన్న కథకి పునరుజ్జీవనం గురించి ఆలోచించొద్దు. పోతే పోయినట్టే పెట్టండి, రెండో షీట్ సిద్ధంగా ఉంచుకోండి. కొత్తవాళ్ళు ఎక్కువగా ఉంటే మొదటి మూడు లెవెళ్ళ దాకా సున్నా అంటే ఓటమి గానీ చావు కాదనండి: బందీ అవ్వడం, ఆయుధం పోవడం. నాలుగో లెవెల్ నుంచి అసలు రూల్ మొదలవుతుందని తారీఖు వేసినట్టు ప్రకటించండి. ఏడాది పైన నడిచే, పాత్రల గతాలే కథగా ఉన్న క్యాంపెయిన్‌కి కర్మకాండ పద్ధతి. పోరాటాల వ్యూహం కోసం కూర్చునేవాళ్ళకి పాత్‌ఫైండర్ లెక్క. వైద్యం చేసే పాత్రే లేని పార్టీతో అయిదో ఎడిషన్ ఆడుతుంటే పుస్తకంలోని రూల్ ఒక్కటే చాలదు. వెల కట్టి ప్రాణం పోసే ఆలయం ఒకటి కావాలి, అక్కడ డబ్బుతో పాటు ఒక పనీ అడగాలి.

రెండు పద్ధతులు కలపొచ్చు, కానీ ఒకే చావుకి రెండు శిక్షలు వేయకండి. కర్మకాండ పాచిక, మైనస్ 4, వజ్రం ఖర్చు, ఎగ్జాషన్ నాలుగూ ఒకేసారి వేస్తే ఆటగాడు కొత్త పాత్రే నయమనుకుంటాడు. అతని లెక్క తప్పు కాదు. కర్మకాండ పెడితే మైనస్ 4 తీసేయండి.

ఏది ఎంచుకున్నా కొన్ని సంగతులు కాగితం మీద పెట్టాలి. కొత్త పాత్ర పార్టీ లెవెల్‌లోనే మొదలవుతుంది. ఒక లెవెల్ తక్కువ అంటే లెవెల్ పోగొట్టే పాత రోగాన్ని దొడ్డిదారిన తెచ్చుకున్నట్టే. చచ్చినవాడి మ్యాజిక్ వస్తువులు ఏమవుతాయి? పార్టీ పంచేసుకుని, కొత్త పాత్ర కూడా సొంత వస్తువులతో వస్తే ప్రతి చావూ లాభసాటి బేరం అవుతుంది. చచ్చిన పాత్రతో పాటు వస్తువులూ పోవాలి, లేదా కొత్త పాత్ర ఖాళీ చేతులతో వచ్చి వాటినే తీసుకోవాలి.

రాజుని హత్య చేశారంటే, రాజ్యంలో అంత పెద్ద ఆలయం ఉండగా ఎందుకు లేపలేదని ఆటగాళ్ళు అడుగుతారు. జవాబు రూల్స్‌లోనే ఉంది: రెయిజ్ డెడ్‌కి తల లాంటి ప్రాణావయవాలు ఉండాలి, ఆత్మ రావడానికి ఇష్టపడాలి. కాబట్టి తెలివైన హంతకులు తల పట్టుకుపోతారు. అదే పని ఆటగాళ్ళ పాత్రలకీ చేయగల శత్రువులుంటే ఆ వదంతి ముందే పార్టీ చెవిన పడాలి.

ఆత్మ ఇష్టం అన్న మాటకి ఆటగాడి ఇష్టం అనే అర్థం. పార్టీ వజ్రాలు వెతుక్కుంటూ ఊరు దాటేముందు ఆ ఆటగాణ్ణి పక్కకి పిలిచి అడగండి. కొందరికి ఆ పాత్ర కథ అక్కడితో చక్కగా ముగిసింది, కొత్తది ఆడాలని ఉంటుంది. అందరిముందూ అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారు.

చివరిగా ఆ కుర్చీ సంగతి. చావు నిమిషం నుంచి అరగంట లోపు ఆ ఆటగాడి చేతికి పాచికలు తిరిగి రావాలి. దెయ్యంగా పక్క గదిలోకి తొంగిచూసి సెషన్‌కి మూడుసార్లు హెచ్చరించే హక్కు ఇవ్వొచ్చు, పార్టీ వెంట ఉన్న ఏ పరిచారకుణ్ణో అప్పగించొచ్చు, పోరాటంలో సగం రాక్షసులని ఆడించమనొచ్చు. మూడోది అందరూ అనుకునేదానికంటే బాగా పనిచేస్తుంది. తనని చంపిన ఓగర్‌ని తనే ఆడించే ఆటగాడు మిగతావాళ్ళ మీద ఏమాత్రం జాలి చూపించడు. ఆ పోరాటంలో ఇంకో చావు జరిగినా సిద్ధంగా ఉండండి.